రుమాలు కింది మాట

భోజనాల గంట ముగిసి జడ్జి గారు మళ్ళీ బెంచీ ఎక్కేసరికి రెండున్నర అవుతుందని, మొదటి పిలుపు మన కేసుదేనని చెప్పి వకీలు రాజేశ్వర్ రావు టిఫిన్ డబ్బాతో లోపలికి పోయాడు. అంటే ఇంకా గంటసేపు అదాలత్ వరండాలో ఈ చెక్క బెంచీ మీద సారంగపాణి కూర్చోవాలి. కూర్చుని చేసేదేముంది, నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే, మిర్చి బస్తా ముందు నిలబడి లోపల తేమ ఎంత, తాలు ఎంత అని మనసులో తూచుకోవడమే, ఈసారి బస్తా కేసు, అంతే తేడా. పైన ఎర్రగా నిగనిగలాడుతోంది. తన దగ్గర మిర్చి కొనే మొగిలి పోతూ రాయించిన వీలునామా ఉంది, దాని కింద మొగిలి వేలిముద్ర ఉంది, ఇద్దరు సాక్షుల దస్తకత్తులున్నాయి, దాన్ని అమలు చేయవలసిన ఎగ్జిక్యూటరుగా తన పేరుంది. కానీ చెయ్యి అడుగుదాకా పెట్టి పిడికెడు తీస్తే తాలే. పొద్దున ఎదుటి వకీలు తీసింది ఆ పిడికెడే. పెద్ద దవాఖాన చిట్టీ, మూడేళ్ళ కిందటిది, మడతల దగ్గర చిరిగింది, పక్షవాతం వల్ల రోగికి మాట పూర్తిగా పోయింది అని డాక్టరు రాత. జడ్జి గారు దాని మీద నంబరు వేయించారు. నోట మాట లేనివాడు వీలునామా ఎట్లా చెప్పి రాయించాడు అని ఎవరూ ఇంకా గట్టిగా అడగలేదు, రెండున్నరకు అడుగుతారు.

నిన్నటిదాకా దీనికి ఒక జవాబుండేది. "నోట్లె నోట్లె గొణిగిండని చెప్పు సేటూ, సగం సగం మాటొచ్చేదని చెప్పు, సాక్షులు కూడ గదే అంటరు," అని రాజేశ్వర్ రావు నేర్పాడు. అబద్ధమే, కానీ సారంగపాణికి అబద్ధంతో పేచీ లేదు, తేమ ఉన్న సరుకును ఎండు సరుకని అమ్మిన రోజులున్నాయి, కొన్నవాడికీ తెలుసు, అమ్మినవాడికీ తెలుసు, ధరలో ఆ తేమ కలిసే ఉంటుంది. చిట్టీ వచ్చాక ఆ అబద్ధం ఇక చెల్లదు. ఇక మిగిలింది నిజం. ఆ నిజానికి ఈ కోర్టులో ఎంత పలుకుతుందో అతనికి తెలియదు, ఎప్పుడూ ఇక్కడికి తెచ్చి అమ్మలేదు.

వరండా చివర గోడకు ఆనుకుని సోమక్క నేల మీద కూర్చుంది. బెంచీ మీద చోటుంది, రా అంటే రాదు. ఆమె సాక్ష్యం రేపు కావచ్చు, ఎల్లుండి కావచ్చు, అందాకా లోపలికి రావద్దన్నారు, లోపల ఏం జరిగిందో ఆమెకు పొద్దుటినుంచీ ఎవరూ చెప్పలేదు. మొగిలితో ఇరవై రెండేళ్ళు కాపురం చేసింది. కాపురం అనవచ్చునో లేదో, మొదటి మొగుడు కేసముద్రంలో ఇంకా బతికే ఉన్నాడు, తెగతెంపుల కాగితం లేదు, మొగిలి ఆమెకు పుస్తె కట్టలేదు. సారంగపాణి ఆమెను ఒక్కనాడూ వదినె అనలేదు. మార్కెట్లో ఎవరూ అనలేదు. అందరూ సోమక్క అన్నారు, ఆమె అందరికీ చాయ పోసింది. వీలునామా రాసేటప్పుడు దస్తావేజుల రామలింగం కలం ఎత్తి పట్టుకుని, "ఈమె ఆయనకేమైతది సేటూ, ఏమని రాయమంటవ్?" అని అడిగితే, పదిమంది బేరం చేసుకుంటున్నచోట నోరెత్తని మొగిలి మంచం మీదనుంచి చూశాడు, సారంగపాణి కూడా చూశాడు, ఎవరి దగ్గరా ఆ మాట లేదు. చివరికి రామలింగమే 'నా యోగక్షేమములు చూచుకొనుచున్న సోమక్కకు' అని రాశాడు. ఎంత పొడుగు మాట, భార్య అన్న రెండక్షరాలు లేనందుకు.

ప్రొబేట్ అంటే ఏమిటో మూడేళ్ళ కిందట అతనికి తెలియదు. చచ్చినవాడి మాట ఇదేనని కోర్టు వేసే ముద్ర అట. మన దగ్గర అది తప్పనిసరి కూడా కాదట, కానీ మొగిలి పోయాక అతని ఐదు మడిగెల్లో కిరాయికున్న దుకాణందారులు అటు సోమక్కకూ ఇవ్వక ఇటు మొగిలి తమ్ముడి కొడుకు రాయమల్లుకూ ఇవ్వక, కోర్టు కాగితం తెచ్చినవాళ్ళకే ఇస్తామని కూర్చున్నారు. కాగితం కోసం అర్జీ వేశాడు. అర్జీ వేయగానే రాయమల్లు పరకాల నుంచి వచ్చి అడ్డం తిరిగాడు. వీలునామా నెగ్గితే సోమక్కకు మూడు మడిగెలూ వెనక ఆమె ఉంటున్న ఒంటిగది అర్రా దక్కుతాయి, రాయమల్లుకు రెండు మడిగెలు. నెగ్గకపోతే అంతా రాయమల్లుదే, సోమక్కకు ఆ అర్ర గొళ్ళెం కూడా లేదు, ఎందుకంటే చట్టం లెక్కలో ఆమె మొగిలికి ఏమీ కాదు. అంత స్పష్టమైన తూకం. మధ్యలో ముల్లు ఆడే చోటే లేదు.

టైపు మిషన్లు చెట్ల కింద టకటకలాడుతున్నాయి, భోజనాల గంటలోనూ వాటికి ఆకలి లేదు. ఆ చప్పుడు వింటే మార్కెట్లో తూకం రాళ్ళు పళ్ళెంలో పడే చప్పుడు గుర్తొచ్చింది, పాత మార్కెట్, ఎనుమాములకు యార్డు పోకముందు, మిర్చి ఘాటుకు తుమ్ముతూ కళ్ళు తుడుచుకుంటూ ఖరీదుదార్లు రాశి చుట్టూ నిలబడేవారు, రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారుగా తాను మధ్యలో, భుజం మీద రుమాలు. ఒక్కొక్కరే దగ్గరికి వచ్చేవారు, రుమాలు కింద చేతులు కలిసేవి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, మొత్తం పంజా పట్టుకుంటే ఐదు. వందలా పదులా అన్నది ముందే పైకి అనుకుంటారు, అంకె మాత్రం రుమాలు కిందే. పక్కవాడికి తెలియదు, రైతుకు తెలియదు, దేవుడికీ కనిపించదని నవ్వుకునేవారు. కింద జరిగింది బయట చెప్పరు. చెప్పినవాడి చేతిని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. అందరి వేళ్ళూ తనకు తెలుసు, ఎవడివి చెమటగా ఉంటాయో, ఎవడు రెండు పట్టుకుని మూడు అన్నట్టు కళ్ళెగరేస్తాడో. మొగిలి వేళ్ళు పొడిగా, నిదానంగా ఉండేవి. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పట్టిన అంకె వెనక్కి తీసుకోలేదు. అంత సరైన చెయ్యి. కుడి చెయ్యి. పక్షవాతం తీసుకుపోయింది ఆ చెయ్యినే, చెయ్యితోపాటు మాటనూ.

మార్చి నెల, డెబ్బై తొమ్మిది, మిర్చి ముమ్మరం. అతనికి తీరిక లేదు. అయినా మొగిలి ఇంటికి పోయాడు, మనిషి మిగలడని డాక్టరు చెప్పాడు కాబట్టి, సోమక్క వచ్చి అడ్తి దుకాణం గడప దగ్గర ఏమీ అడగకుండా నిలబడింది కాబట్టి. రామలింగాన్ని తీసుకుపోయాడు, ఇరుగుపొరుగు వాళ్ళిద్దరిని సాక్షులుగా కూర్చోబెట్టాడు. ఆస్తి తీసుకునే మనిషి ఎదురుగా ఉండకూడదు, రేపు బెదిరించి రాయించుకుందంటారు అని రామలింగం అనగానే సోమక్క కొంగు సర్దుకుని బయటికి పోయింది. ఎంత ముందుచూపు, అన్నీ చట్టం ప్రకారమే. మొగిలి ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. ఆ చేతిని తాను పట్టుకున్నాడు, పట్టుకోగానే ఎందుకో, ఎందుకో ఏమిటి, అలవాటు, భుజం మీది రుమాలు తీసి రెండు చేతుల మీదా కప్పాడు. కప్పకుండా అడిగి ఉంటే సాక్షులిద్దరూ తమ కళ్ళతో చూసేవారు. మూడు వేళ్ళు, వాళ్ళు అనేవారు, మూడు వేళ్ళు పట్టుకున్నాడండీ, మేం చూశాం. అంతే, కేసు నిలబడేది, దవాఖాన చిట్టీ వంద వచ్చినా నిలబడేది. కానీ బహిరంగంగా వేళ్ళు పట్టుకుని అంకె అడగడం అతనికి బట్టల్లేకుండా బజార్లో నిలబడినట్టు ఉంటుంది. రుమాలు లేకుండా అతని నోట ఆ ప్రశ్నే రాదు. మొగిలికీ అంతే అనుకున్నాడు. రుమాలు కప్పగానే మొగిలి సగం ముఖం, బతికిన సగం, కొంచెం వదులైంది. "మొగిలీ, సోమక్కకు ఎన్ని మడిగెలు?" అని పైకి అడిగాడు. మూడు వేళ్ళు. నిదానంగా, పొడిగా, పాత మొగిలి లాగే. "రాయమల్లుకు?" రెండు. రామలింగం రాసుకున్నాడు.

అక్కడ ఆగితే ఈ మూడేళ్ళు అన్నం సయించేది.

రామలింగం కలం గీస్తుంటే, చెయ్యి ఇంకా వదలకముందే, మొగిలి మొత్తం పంజా పట్టుకున్నాడు. ఐదు వేళ్ళూ కలిపి, గట్టిగా, వదలకుండా. ఐదు. ఉన్నవే ఐదు మడిగెలు. అంటే అన్నీ ఆమెకే, మూడు కాదు, మనసు మారింది. సారంగపాణి లెక్క వేసుకున్నాడు, ఎంతసేపు, ఒక్క రెప్పపాటు. ఐదూ ఆమెకే రాస్తే రాయమల్లు ఊరుకోడు, కోర్టుకు పోతాడు. రెండు పారేస్తే నోరు మూసుకుంటాడు. మూడూ రెండూ, ఇది నిలిచే బేరం. అంకె ఖాయమయ్యాక మళ్ళీ చెయ్యి నొక్కడం మార్కెట్లో మర్యాద కాదు కూడా, సౌదా అయిపోయింది అని చెయ్యి లాక్కోవాలి. లాక్కున్నాడు. మొగిలి వేళ్ళు దుప్పటి మీద కొంతసేపు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి. నాలుగో రోజున పోయాడు. రాయమల్లు ఎట్లాగూ కోర్టుకు వచ్చాడు. అంటే సోమక్కకు రావలసిన రెండు మడిగెలు తాను కోసి ఇచ్చింది గాలికి. ఆ పంజా సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు, వకీలుకు చెప్పలేదు, సోమక్కకు అసలే చెప్పలేదు, రుమాలు కింది మాట.

"ఏం సేటూ, మా పెదనాయిన వేళ్ళు ఇంకా నీ దగ్గర్నె ఉన్నయా? అప్పజెప్పుతవా లేదా?"

రాయమల్లు. సాక్షుల నోట రుమాలు సంగతి వాడిదాకా చేరినట్టుంది. ఇస్త్రీ చొక్కా, నోట్లో వక్క. నవ్వుతూనే పక్కన కూర్చున్నాడు.

"ఉన్నయి తీయి, నీ గొంతు మీదికి వచ్చినప్పుడు చూత్తువు," అన్నాడు సారంగపాణి.

"కోపమెందుకే. జర ఇను. ఎనుక అర్ర ఆమెకు ఇడుస్త, ఆమె సచ్చేదాక ఉండమను. మడిగెలు నాయి. ఇప్పుడే మీ వకీలుతోని రాసుకుందం, ఇంటికి పోదం. చిట్టీ చూసినవ్ గదా పొద్దుగాల."

"అర్ర ఒక్కటే పెట్టి ఏం తింటదిరా? గోడలా?"

"గదంత నాకు ఫికర్ లేదు. లోపటికి పోయినంక ఈ మాట ఉండది." లేచి తువ్వాలు దులుపుకుని పోయాడు.

మొదటి ధరకు ఒప్పుకోవడం సారంగపాణి ఒంట్లో లేదు. అడ్తిదారు కొడుకుగా పుట్టినప్పటి నుంచి లేదు. వాడు భయపడ్డాడు కాబట్టే వచ్చాడు, భయపడ్డవాడు ఇంకో మెట్టు దిగుతాడు, అర్ర అన్నవాడు అర్రా ఒక మడిగే అంటాడు. సోమక్క వైపు చూశాడు. పిలిచి అడగాలా? ఆమె ఏమంటుంది, సరే అంటుంది, అన్నిటికీ సరే అనే మనిషి, ఆమె సరే అంటే తాను చేసిందేముంది. అడగలేదు. బంట్రోతు వరండాలో నీడ జరిగినచోటికి స్టూలు జరుపుకున్నాడు. సారంగపాణి చొక్కాలోంచి మిర్చి వాసన వస్తోంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు, పక్కన కూర్చున్న ముసలాయన రెండుసార్లు తుమ్మి దూరం జరిగాడు.

అప్పుడు అతనికి ఆ ఆలోచన వచ్చింది. రావడం ఎట్లా వచ్చిందంటే, బస్తాలన్నీ అమ్ముడుపోక సాయంత్రమైనప్పుడు చివరగా ఒక మేలు రకం గుప్పెడు తీసి పైన చల్లినట్టు. పంజా సంగతి చెప్పేస్తే? మూడు కాదు సార్, ఐదు అన్నాడు, అన్నీ ఆమెకే అన్నాడు, నేనే తగ్గించి రాయించాను, నా తప్పు. అప్పుడు జడ్జి గారికి ఏమర్థమవుతుంది? చచ్చేవాడి మనసంతా ఆమె మీదే ఉందని అర్థమవుతుంది. ఐదు ఇవ్వాలనుకున్నవాడికి మూడు ఇవ్వాలని ఉండదా? ఐదులో మూడు లేదా? తన తప్పు తాను ఒప్పుకునే మనిషి అబద్ధం ఎందుకు చెబుతాడు? ఎటునుంచి తూచినా మొగ్గు తమ వైపే. అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు రాజేశ్వర్ రావు, కానీ వకీలుకు మార్కెట్ తెలియదు. కొనేవాడు లేచిపోతున్నప్పుడు చేతిలో ఉన్న చివరి సరుకు దాచుకునేవాడు వెర్రివాడు. మూడేళ్ళ తరువాత మొదటిసారి అతనికి ఊపిరి కిందిదాకా ఆడింది. మొగిలి మాట మొగిలికి తిరిగి ఇచ్చేసినట్టూ ఉంటుంది, సోమక్క బతుకూ నిలబడుతుంది. రెండు లాభాలు ఒక్క మాటలో.

బంట్రోతు అతని పేరు మూడుసార్లు అరిచాడు, పక్కనే ఉన్నా.

లోపల ఫ్యాను కిందికి గాలి రాదు. ప్రమాణం చేయించారు. ఎదుటి వకీలు తొందరపడలేదు, రుమాలు సంగతి ముక్కముక్కగా అతని చేతనే చెప్పించాడు, వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "అయితే సాక్షులు చూసింది రుమాలును, అంతేనా?" "అవును సార్, రుమాలునే." "దాని కింద ఏం జరిగిందో మీకు, చనిపోయినాయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు?" "తెలవది సార్. తెలువొద్దనే కప్పుతం." మళ్ళీ నవ్వు. రాజేశ్వర్ రావు కాగితాల్లోకి చూస్తున్నాడు. ఎదుటి వకీలు చాలు అన్నట్టు కూర్చోబోయాడు. అప్పుడు జడ్జి గారు కళ్ళద్దాలు తీసి, మర్యాదగానే అడిగారు: "మూడు, రెండు అని పట్టుకున్నాక ఆయన ఇంకేమైనా సంజ్ఞ చేశారా?"

లేదు అంటే చాలు. ఒక్క ముక్క. సారంగపాణి తన సరుకంతా చూసుకున్నాడు, జడ్జి ముఖం చూశాడు, ఇది కొనే ముఖమే అనుకున్నాడు. "చేసిండు సార్. పంజా పట్టుకున్నడు. ఐదు. అన్ని ఆమెకే అన్నట్టు. నేనే చెయ్యి గుంజుకున్న, రాయిపియ్యలే."

జడ్జి గారు ఇంగ్లీషులో చెప్పారు, టైపు మిషన్ కొట్టింది, తరువాత గుమాస్తా దాన్నే తెలుగులో అతనికి చదివి వినిపించాడు: "అటు పిమ్మట కూడ చనిపోయిన వ్యక్తి సంజ్ఞ చేసినాడు. అది వీలునామాలో రాసినదానికి వేరుగా ఉన్నది. నేను దానిని రాయించలేదు." సరిగ్గా ఉందా అని అడిగితే ఉందన్నాడు. దస్తకత్ పెట్టమన్నచోట పెట్టాడు. ఎదుటి వకీలు నిలబడి తనకు ఇంకేమీ ప్రశ్నల్లేవన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఏమిటో పోల్చుకోవడానికి సారంగపాణికి రెండడుగులు పట్టింది. అది తక్కువకు కొన్నవాడి గొంతు.

వరండాలోకి రాగానే రాజేశ్వర్ రావు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎవలడిగిండ్రయ్యా నిన్ను ఐదు? మూడని రాసిన కాగితం ఏసి, ఆయన ఐదన్నడని నువ్వే చెప్తివి. ఇగ ఆ కాగితం ఎవలిది? ఆయనది కాదు. నీది. నీ వీలునామాకు ప్రొబేట్ ఇయ్యమంటవా?"

"ఐదుల మూడు లేదా వకీలు సారూ?"

"గిది మిర్చి కాదు సేటూ." అని చెయ్యి వదిలేశాడు. అవతల రాయమల్లు తన వకీలుకు సిగరెట్టు అంటిస్తున్నాడు, ఇటు చూడలేదు. అర్ర మాట ఇక లేదు.

సోమక్క లేచి వచ్చింది. మూడేళ్ళలో ఆమె తనంతట తాను ఏదీ అడగలేదు. "ఏం చెప్పినవ్ సేటూ లోపట? వకీలు సారు గట్లెందుకున్నడు?"

చెప్పాడు. ఇక దాచడానికేం లేదు, కోర్టు అంతా విన్నదాన్ని ఆమె ఒక్కతే వినకపోతే ఏం బాగుంటుంది. ఐదు మడిగెలూ నీకే ఇవ్వమన్నాడు, నేనే మూడు చేశాను, నీకు అన్యాయం చేశాను అన్నాడు. ఆమె కళ్ళు చిన్నవి చేసి విన్నది.

"ఎడమ చెయ్యేనా?"

"ఎడమదే."

"ఐదు వేళ్ళతోని గట్టిగ పట్టి, ఇడువకుంట?"

"ఆ."

"గది లెక్క కాదు సేటూ," అంది సోమక్క. "గవి నీళ్ళు. మాట పడిపోయిన కాన్నుంచి నీళ్ళు కావాల్నంటే గట్లనే పట్టేటోడు. దినాం పదిసార్లు పట్టేటోడు. నన్ను బయటికి తోలిండ్రు గద ఆ పొద్దు. ఉంటె చెప్పకపోదునా? మూడంటే మూడే, ఆయన మాట తిప్పేటోడా?"

సారంగపాణి రాజేశ్వర్ రావు వైపు తిరిగాడు. వకీలు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు బోనెక్కి గదే చెప్పినా, వరండాల కూసుండి నేర్చుకున్నరంటడు. నేనైనా గదే అందును." అని టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు.

మూడేళ్ళు. ఒక్కసారి, ఏ సాయంత్రమైనా ఆమె చాయ ఇస్తున్నప్పుడు, సోమక్కా, మొగిలి పంజా పట్టుకుంటే ఏమని అర్థం అని అడిగితే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే అది అంకె అని అతనికి అనుమానమే లేదు. అంకె కాక మనిషి చెయ్యి మనిషి చెయ్యిని ఇంకెందుకు పట్టుకుంటుంది. సోమక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది. మడిగెల మాట అడుగుతుందనుకున్నాడు, తానుంటున్న అర్ర ఎప్పుడు ఖాళీ చేయాలని అడుగుతుందనుకున్నాడు, రెంటికీ ఏం చెప్పాలో పోగు చేసుకుంటున్నాడు.

"మరి ఇచ్చినవా సేటూ," అంది, "నీళ్ళు?"

ఆ రోజు రాయడం అయ్యాక రామలింగం మొగిలి ఎడమ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తించాడు. ఆ మరక తుడవడానికి సారంగపాణి వాకిట్లో గోలెం దగ్గరికి పోయి రుమాలు తడిపి తెచ్చాడు. గోలెం నిండా నీళ్ళున్నాయి. వేలు శుభ్రంగా తుడిచాడు, గోరు సందులో కూడా తుడిచాడు.

"ఇయ్యలే," అన్నాడు.